ఢిల్లీ కనకాంబరం

కనకాంబరానికి వాసన ఉండదు. తెలుగులో మల్లెకున్నంత సాహిత్యం దానికి లేకపోవడానికి అదే కారణం అయ్యుండొచ్చు. మల్లెపూలు అని రాయగానే పాఠకుడికి సగం కథ అర్థమైపోతుంది, రాసేవాడికి పెద్ద పని మిగలదు. కనకాంబరం అలా సాయం చెయ్యదు. పట్టుకుంటే పలచటి కాగితంలా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియదు. దానికున్నదల్లా రంగు, ఓపిక. మల్లె సాయంత్రం విచ్చి మర్నాటికి గోధుమరంగుకి తిరిగిపోతే, పక్కనే కట్టిన కనకాంబరం ఇంకా నిన్నటిలాగే ఉంటుంది.

ఈ మొక్క గురించి రాద్దామని రెండుమూడేళ్ళుగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. పుస్తకాల గురించి రాయడం తేలిక. అవతలివాళ్ళ కష్టాన్ని చదివి, బాగుందనో బాలేదనో చెప్పి, కింద మన పేరు పెట్టుకోవచ్చు. ఈ మొక్క విషయంలో ఆ సౌకర్యం లేదు. ఇందులో నేనూ ఉన్నాను.

మాది పెనుగొండ. ఊరిపేరు చెప్తే కొందరు రాయలసీమలో ఉన్న పెనుకొండ అనుకుంటారు, ఇంకొందరు "వాసవీ అమ్మవారి గుడి కదా" అంటారు. రెండోవాళ్ళు చెప్పిందే మా ఊరు. పశ్చిమగోదావరిలో, తణుక్కీ ఆచంటకీ మధ్య, చుట్టూ వరిచేలతో ఉంటుంది. నాన్నగారు రైసుమిల్లులో లెక్కలు రాసేవారు. మిల్లు పని మీద నెలకోసారైనా రాజమండ్రి వెళ్ళొచ్చేవారు. సిద్ధాంతం బ్రిడ్జి మీద వశిష్ఠ దాటి, రావులపాలెంలో అరటిగెలల లారీలు దాటి, జొన్నాడ దగ్గర గౌతమి కూడా దాటాక కడియపులంక వస్తుంది. హైవేకి రెండు పక్కలా నర్సరీలే. 1998లో ఒకసారి అక్కడ బస్సు దిగి, నాలుగు కనకాంబరం మొక్కలు నల్ల కవర్లలో పెట్టించుకుని తెచ్చారు. అప్పుడు నాకు పదేళ్ళు. నర్సరీ అతను చెప్పింది నాన్నగారు అతని గొంతుతోనే మాకు చెప్పారు: "ఆయ్, ఇది ఢిల్లీ రకమండి. పువ్వు పెద్దదండి. ఆడోళ్ళు ఇష్టపడతారండి."

అప్పటికే మా దొడ్లో నాటు కనకాంబరాలు ఉండేవి. వాటికి కాయలు కాసేవి. ఎండిన వెన్ను మీద నీటిచుక్క పడితే ఆ కాయలు టప్పున పేలి గింజల్ని దూరంగా విసిరేవి. పిల్లలం వాటిని నీళ్ళగ్లాసులో వేసి పేలుతుంటే చూసేవాళ్ళం. కొత్తగా వచ్చిన ఢిల్లీ మొక్కల కాయలు కూడా పేలతాయని ఎన్నాళ్ళో ఎదురుచూశాను. పూలు విరగబూసేవి గాని ఒక్క గింజ పట్టేది కాదు. అమ్మని అడిగితే, "దీనికి విత్తు లేదురా. మనం కొమ్మ గుచ్చితేనే ఉంటుంది, లేపోతే పోతుంది" అంది.

దాని వెనకున్న శాస్త్రం చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. కనకాంబరం మన మొక్కే. దక్షిణ భారతదేశం, శ్రీలంక దాని పుట్టిల్లు. శాస్త్రీయనామం క్రాసాండ్రా ఇన్‌ఫండిబ్యులిఫార్మిస్, ఆ రెండో ముక్కకి గరాటు ఆకారంలో ఉన్నదని అర్థం. పువ్వుని వెన్నులోంచి లాగి చూస్తే నిజంగానే సన్నటి గొట్టం, పైన ఒక పక్కకి విచ్చుకున్న రేకు. అడ్డసరం, నేలవేము, డిసెంబరాలు దీని చుట్టాలు. లిన్నేయస్ మొదట దీన్ని అడ్డసరంతోపాటు జస్టీషియా ప్రజాతిలోనే పెట్టాడు. ఇందులో ఢిల్లీ అని పిలిచే రకం ట్రిప్లాయిడ్, అంటే కణంలో క్రోమోజోముల కట్టలు రెండుకి బదులు మూడు ఉంటాయి. విత్తనం కట్టాలంటే వాటిని సమానంగా రెండు భాగాలు చెయ్యాలి, మూడింటిని అలా పంచడం కుదరదు. అందుకే గింజ పట్టదు. మన చక్కెరకేళి అరటిపండులో గింజ లేకపోవడానికీ ఇదే లెక్క. అరటి పిలక వేసుకుని తన దారి తాను చూసుకుంటుంది. ఈ కనకాంబరానికి ఆ అదృష్టం కూడా లేదు. ఎవరో ఒకరు కొమ్మ తుంచి నాటాలి.

అంటే, మా దొడ్లో ఇన్నేళ్ళుగా ఉన్నది ఒకటే మొక్క. నాన్నగారు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మొక్కే. మూడు నాలుగేళ్ళకి కాండం ముదిరి కట్టెలా అయిపోయి పువ్వు తగ్గిపోతుంది. అప్పటికి అమ్మ దాని కొమ్మల్ని పక్కన గుచ్చి ఉంచేది. పాతది తీసేసేది, కొత్తది అందుకునేది.

మా నేల నల్లరేగడి. వరికి అంత మంచిది కనకాంబరానికి పనికిరాదు. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. అందుకని గోడవారగా జానెడు ఎత్తు కట్ట కట్టి, ఇసకా పెంటా మిల్లు నుంచి తెచ్చిన ఊకా కలిపి అందులో వేసేది. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం జామచెట్టు నీడ ఉండాలి. పక్కన నాలుగు బంతిమొక్కలు ఎప్పుడూ ఉండేవి. అందం కోసం అనుకునేవాణ్ణి. కనకాంబరం వేళ్ళని తినే సన్నటి నులిపురుగుల్ని బంతివేరు అదుపులో పెడుతుందని వ్యవసాయ పుస్తకాల్లో చూసినప్పుడు, అమ్మకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. "అవున్రా, అందుకేగా వేసింది" అంది.

కనకాంబరం వెన్ను కిందనుంచి పైకి పూస్తుంది. ఒక వరస విచ్చిన మర్నాడు ఊరుకుని, ఆ తర్వాతరోజు తెల్లారేసరికి పై వరస విచ్చుతుంది. కాబట్టి కోత రోజు విడిచి రోజు. పూత అయిపోయిన వెన్నుని తుంచెయ్యాలి, అప్పుడే పక్కనుంచి కొత్తవి వస్తాయి. మా ఇంట్లో కేలండర్ అలా నడిచేది: పూల రోజు, మధ్యరోజు. పూల రోజున అమ్మ అరటినార తడిపి పెట్టుకుని, రెండు పూలు ఇటు, రెండు అటు, మధ్యలో కాస్త మరువం, మూరెడు దండ కట్టేది. సగం దేవుడికి, సగం తనకి. నాన్నగారు మిల్లుకి వెళ్తూ, "దేవుడికి ఎక్కువ పడిందా నీకా?" అనేవారు. రోజూ అదే హాస్యం.

ఇప్పుడు 2018కి వస్తాను. అప్పటికి హైదరాబాదులో ఉద్యోగం, నిజాంపేటలో అద్దె ఫ్లాటు, శని ఆదివారాలు పుస్తకాలు. ఒక కొత్త కథల సంపుటి మీద సమీక్ష రాశాను. అందులో ఒక కథలో భర్త పోయినామెకి పదోరోజున పూలు పెట్టి తీసేసే దృశ్యం ఉంది. నేను రాసిందాని సారాంశం ఇది: గాజులు, పూలు, బొట్టు అనే ఈ మూడు వస్తువుల మీద తెలుగు కథ ఇంకా ఎన్నాళ్ళు బతుకుతుంది? కాలం మారింది, రచయితకి కొత్త ప్రతీకలు దొరకలేదు. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. దాన్ని మెచ్చుకుంటూ ఇద్దరు ముగ్గురు కామెంట్లు కూడా పెట్టారు.

2021 మేలో నాన్నగారు పోయారు. కోవిడ్. భీమవరంలో ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉన్నారు. అప్పుడు ఆంధ్రాలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. కాలువలు కట్టేసి ఉన్నాయి, ఊరంతా పొడి ఎండ. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి నేను అప్పటికే ఇంట్లో ఉన్నాను. పదోరోజుకి మొత్తం ఎనిమిది మందిమి. పాలకొల్లు నుంచి పెద్దత్త వచ్చింది.

బజారులో పూలు దొరకలేదు. పెద్దత్త నన్ను పిలిచి, "మీ అమ్మ మొక్కలకి పూలున్నాయి కదరా, తెల్లారకుండా కోసుకురా" అంది. ఆ రోజు పూల రోజే.

ఎందుకో నాకు తెలుసు. తెలిసే కోశాను. సెల్‌ఫోన్ లైటు వేసుకుని, స్టీలు పళ్ళెం పట్టుకుని, ఒక్కొక్క గరాటునీ వెన్నులోంచి లాగి పళ్ళెం నింపాను. ఆ పావుగంటలో ఏమీ ఆలోచించలేదని చెప్పాలని ఉంది గాని అది నిజం కాదు. "వద్దు అత్తయ్యా" అనే రెండు మాటలు ఎప్పుడు, ఎలా అనాలా అని ఆలోచించాను. పళ్ళెం తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చేదాకా ఆలోచించి, ఇచ్చేసి పక్కకి వచ్చేశాను.

దండ పెద్దత్తే కట్టింది. ముడులు వదులుగా పడ్డాయి. అమ్మ వాటి వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు గుర్తు, ఎవరు వదులుగా కట్టినా అలాగే చూస్తుంది. తర్వాత పెట్టారు, తర్వాత తీసేశారు. ఎలా అన్నది రాయను. నేను వెక్కిరించిన కథలో ఉంది. నేను చూసినదానికీ అందులో రాసినదానికీ పెద్ద తేడా లేదు.

పెద్దత్తని ఇందులో దుర్మార్గురాలిగా చూపించడం చాలా సులువు. ఆవిడకి ముప్పైనాలుగేళ్ళప్పుడు ఇదే చేశారు. చేసింది మా మామ్మ. ఆ రోజు అమ్మని పట్టుకుని అందరికంటే ఎక్కువ ఏడ్చింది పెద్దత్తే. చదువుకున్నవాణ్ణి, వ్యాసాలు రాసేవాణ్ణి, ఆ ఇంట్లో ఆ పూట మాట చెల్లే మగవాణ్ణి నేనొక్కణ్ణే. వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. మా ఊరినుంచి రాజమండ్రి బస్సులో రెండు గంటల దూరం కూడా ఉండదు. దాదాపు 140 ఏళ్ళు గడిచాక కూడా ఆ రెండు గంటలు నాకు చాలా దూరం అనిపించాయి. ఆయనకి ఎదురుగా ఊరంతా ఉంది. నాకు ఎదురుగా ఏడుస్తున్న ఒక మేనత్త తప్ప ఎవరూ లేరు.

మర్నాడు మధ్యరోజు. ఆ మర్నాడు పొద్దున్నే లేచేసరికి అమ్మ దొడ్లో పూలు కోస్తోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "కొయ్యకపోతే వెన్ను ఆగిపోద్దిరా" అంది నా వైపు చూడకుండా. ఆ దండ మొత్తం దేవుడికి వేసింది. తర్వాతి వారాల్లో సగం దేవుడికి, సగం ఎదురింటి అమ్మాయికి. అలా నడిచింది.

2022లో ఆఫీసుకి రమ్మన్నారు. అమ్మ రానంది. వచ్చేముందు నాలుగు కొమ్మలు అడిగాను. ఎందుకు అని అడగలేదు. వెన్ను లేని కొమ్మలు చూసి, జానెడు చొప్పున, కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది.

ఆ నాలుగూ చచ్చిపోయాయి. ఆన్‌లైన్లో ఖరీదైన మట్టిమిశ్రమం తెప్పించి, అందులో పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. పదోరోజుకి కింద నల్లగా కుళ్ళిపోయాయి. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "వేరు లేనిదానికి అంత తిండెందుకురా? ఉత్త ఇసకలో గుచ్చు. నీళ్ళు పొయ్యకు, చిలకరించు. మీద పల్చటి కవరు కప్పు" అంది. దసరాకి వెళ్ళి ఇంకో ఆరు తెచ్చాను. ఇసకలో పెట్టి, రోజూ వేరు వచ్చిందేమోనని లాగి చూసేవాణ్ణి. మా పనిలో ప్రతి అయిదు నిమిషాలకీ లాగ్ చూసుకోవడం అలవాటు. అలా లాగి చూడటంవల్లే మూడు పోయాయి. మిగతా మూడూ నేను రిలీజ్ పనిలో పడి మూడు వారాలు వాటి వైపు చూడకపోవడంవల్ల బతికాయి.

తర్వాత ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. అది ఇనుము లోపం అని తెలుసుకున్నాను. మా అపార్టుమెంటు బోరునీళ్ళు బాగా కఠినం, బకెట్టులో తెల్లటి చార కడుతుంది. మట్టి క్షారమైపోతే అందులో ఇనుమున్నా మొక్కకి అందదు. లీటరు నీళ్ళకి అయిదు గ్రాముల అన్నభేది, కాస్త నిమ్మరసం కలిపి ఆకుల మీద కొడితే పది పదిహేను రోజుల్లో కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. అప్పటినుంచి ఏసీ నుంచి కారే నీళ్ళూ వాననీళ్ళూ పట్టి పోస్తున్నాను. 2023 వేసవిలో మొదటి వెన్ను పూసింది. మా ఆవిడ ఆఫీసుకి పూలు పెట్టుకుని వెళ్ళదు, తనకి అలవాటూ లేదు, ఇష్టమూ లేదు. ఆ పూలు ఒక గిన్నెలో నీళ్ళు పోసి వేసేవాళ్ళం. పెట్టుకునే హక్కు ఉన్నావిడకి అక్కర్లేదు. ఇందులో ఏదో వ్యాసం ఉందని అప్పుడే అనిపించింది, వెంటనే సిగ్గూ వేసింది.

ఆ ఏడు వానాకాలంలో ఒక వారం ఆగకుండా కురిసింది. మురుగుకాలువ పొంగి మా దొడ్లోకి వచ్చి, నీళ్ళు అయిదు రోజులు నిలిచాయి. అమ్మ కట్టిన జానెడు కట్ట చాలలేదు. అమ్మ ఫోన్లో వేరే ఏవేవో మాట్లాడి, చివర్లో, "కనకాంబరాలు మొత్తం పోయాయిరా" అంది. నాన్నగారు పోయినప్పటి తర్వాత ఆ గొంతు మళ్ళీ అప్పుడే విన్నాను.

మిగిలినవి నిజాంపేటలో నాలుగో అంతస్తు బాల్కనీలో ఉన్న మూడు మొక్కలు.

అక్టోబరులో ఎనిమిది కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి, రాత్రి బస్సెక్కాను. బ్యాగు పైన పెట్టలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాను. 1998లో నాన్నగారు కూడా ఇలాగే కూర్చుని ఉంటారని తణుకు దగ్గర పడుతుండగా తోచింది. అంతకుముందు తోచలేదు, నిద్రపోయాను.

అమ్మ ఈసారి కట్ట మూరెడు ఎత్తు కట్టించింది. ఎనిమిదిలో ఆరు బతికాయి. సంక్రాంతికి వెళ్ళేసరికి రెండింటికి వెన్నులు వేసి ఉన్నాయి. భోగి మర్నాడు పూల రోజు. పొద్దున్నే నేను కోశాను, అరటినారతో నేనే కట్టాను. యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. జానెడు కూడా రాలేదు. పట్టుకెళ్ళి అమ్మకిచ్చి, "పెట్టుకో అమ్మా" అన్నాను. మూడు రోజులనుంచి ఆ మాట కోసం కసరత్తు చేస్తున్నాను.

అమ్మ దండ చేతిలోకి తీసుకుని ముడులు చూసింది. వదులుగా ఉన్నాయి. విప్పడం మొదలుపెట్టింది.

"ఆ రోజు అనాల్సిందిరా" అంది విప్పుతూనే.

నేనేమీ మాట్లాడలేదు.

"నువ్వు కోసుకొచ్చావని తెలుసు నాకు. లైటు కనపడింది గదిలోంచి. అంటావేమో అనుకున్నాను."

చాలాసేపు తర్వాత, "తప్పయిపోయింది, అందుకే ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాను.

"నీ బాధ తీరడానికి నేను పూలు పెట్టుకోవాలా?" అంది. కోపంగా అనలేదు. లెక్క అడిగినట్టు అడిగింది. "నాకు పెట్టుకోవాలనిపించిన రోజు పెట్టుకుంటాను. ఎవరినీ అడగను. అనిపించకపోతే లేదు. నువ్వు మాత్రం ఊరికే అడగమాకు."

మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. రెండు ఇటు, రెండు అటు. ఎక్కడ నార తిప్పాలో, బొటనవేలు ఎక్కడ నొక్కిపట్టాలో నాకు చూపించింది. అయిపోయాక తడిగుడ్డలో చుట్టి, "ఫ్రిజ్జులో పెట్టు. ఎల్లుండిదాకా ఉంటాయి" అంది.

హైదరాబాదు వచ్చాక 2018 నాటి సమీక్ష తీసి చదివాను. తీసేయించమని సంపాదకులకి రాద్దామనుకుని మానేశాను. ఉండనీ. ఆ కథ బలహీనమైనదే, ఇప్పటికీ అదే అంటాను, చివర రెండు పేజీలు ఉపన్యాసం. కానీ పూలు ప్రతీక కాదు. ఆ పదోరోజు అమ్మ తల్లో ఉన్నవి ఒక మొక్కవి. దానికి నీళ్ళు పోసిందెవరో, తెచ్చిందెవరో, కోసిందెవరో అందరికీ తెలుసు. ఆ కథ రాసినావిడకి ఈ సంగతి తెలిసే రాసి ఉండొచ్చు. నేను ప్రతీక అని పేరు పెట్టి దాటేశాను.

అమ్మ పూలు పెట్టుకుంటోందా అని మా ఆవిడ ఒకసారి అడిగింది. తెలియదన్నాను. ఫోన్ చేసినప్పుడు నేను అడగను. "ఇవాళ పూల రోజా, మధ్యరోజా?" అని మాత్రం అడుగుతాను. చెప్తుంది. అక్కడా ఇక్కడా వరస ఒకటే అయిన రోజులుంటాయి, తప్పిన రోజులుంటాయి.

ఇప్పుడు బాల్కనీలో పదకొండు కుండీలు. వాచ్‌మన్ భార్యకి రెండు కొమ్మలు ఇచ్చాను, నాకంటే బాగా పెంచుతోంది. పై అంతస్తు వాళ్ళకి మూడు ఇచ్చాను, కుళ్ళబెట్టారు, మళ్ళీ ఇచ్చాను. విత్తు లేని మొక్క ఒకే ఇంట్లో ఉండటం ప్రమాదం అని ఆ వాన నేర్పింది. ఇది చదివేవాళ్ళలో నిజాంపేట, బాచుపల్లి వైపు ఉండేవాళ్ళకి ఎవరికైనా కావాలంటే చెప్పండి, కోసిస్తాను. ఇసక మాత్రం మీరే తెచ్చుకోవాలి. గుచ్చాక మూడు వారాలు లాగి చూడకండి.